సెట్టు విడింది.. కుర్తీ గెలిచింది

పంజాబీ డ్రెస్సులో ఒక ముక్కగా మన ఇళ్లలోకి వచ్చింది. మిగతా రెండు ముక్కల్నీ పక్కకు తప్పించి బీరువాను ఆక్రమించింది. కాలేజీ పిల్ల నుంచి అమ్మమ్మ దాకా అందరికీ కుదిరిన ఈ బట్ట వెనక కథేమిటి? అది ఇంకా దాటలేని గుమ్మాలెన్ని?

ఉదయం తొమ్మిది దాటింది. అమీర్‌పేట మెట్రో స్టేషన్లో ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చిన రైలు తలుపులు తెరుచుకోగానే మహిళలకు కేటాయించిన భాగంలోంచి ఒక గుంపు దిగి, రాయదుర్గం రైలు అందుకోవడానికి మెట్లవైపు పరుగు తీస్తుంది. ముందున్న అమ్మాయిది నీలిమందు రంగు అచ్చు కుర్తీ, దాని మీద వేలాడుతున్న కంపెనీ ట్యాగు. ఆమె వెనక లేతపసుపు కుర్తీ, తెల్ల లెగ్గింగ్‌లో కొత్త పెళ్లికూతురు. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. జీన్స్ మీద పొట్టి కుర్తీ వేసుకున్న మరో అమ్మాయి చేతిలో గ్రూప్స్ పరీక్షల పుస్తకం. ప్లాజో మీద పొడుగు కుర్తీ, కాళ్లకు నడక బూట్లతో అరవై దాటిన ఓ పెద్దావిడ ఎవరి తొందరా తనకు పట్టనట్టు ఎస్కలేటర్ మీద నిలబడి ఉంటుంది. వయసులు వేరు, జీతాలు వేరు, ఇళ్ల కట్టుబాట్లు వేరు. ఒంటి మీద బట్ట మాత్రం ఒకటే. పాతికేళ్ల కిందట ఇదే నగరంలో సిటీబస్సు ఆడవాళ్ల సీట్ల వైపు చూస్తే చీరను బట్టి, ఓణీని బట్టి, డ్రెస్సును బట్టి ఎవరు గృహిణో, ఎవరు విద్యార్థినో చాలావరకు చెప్పేయగలిగేవారు. ఇప్పుడు ఆ అంచనా కుదరదు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పటి నుంచి బట్టల ధరల మీద ఇంటింటా లెక్కలు నడుస్తున్నాయి. అంతకుముందు వెయ్యి రూపాయల లోపు దుస్తులకే 5 శాతం పన్ను, ఆపైన 12 శాతం. ఇప్పుడు 2,500 రూపాయల దాకా 5 శాతమే, అది దాటితే 18. రోజూ వేసుకునే కుర్తీకి దీనివల్ల పెద్ద తేడా రాలేదు. ఎందుకంటే అందులో అధికభాగం మొదటి నుంచీ వెయ్యి లోపు సరుకే. ఇంత తక్కువ ధరలో, ఇన్ని రకాల మనుషులకు కుదిరిన బట్ట ఇంకొకటి కనిపించదు. అందం, సౌకర్యం, ఫ్యాషన్ అంటూ దీనికి చెప్పే కారణాలన్నీ నిజమే కానీ, అవి సల్వార్ కమీజుకూ ఉన్నాయి. మరి కుర్తీకే ఈ పట్టాభిషేకం ఎందుకు? కట్టుగా అమ్ముడుపోయే మూడు ముక్కల డ్రెస్సు విడిపోయి, ఏ ముక్కకు ఆ ముక్క విడిగా కొనుక్కునే వీలు రావడమే దీని అసలు మలుపు. ధర దగ్గరా, ఇంట్లో పెద్దల దగ్గరా, సొంత ఒంటి దగ్గరా ఆడవాళ్లకు బేరమాడే చోటు దొరికింది అక్కడే.

మూడు ముక్కల రోజులు

హైదరాబాద్ పాతనగరానికి ఈ దుస్తుల కుటుంబం కొత్తదేం కాదు. కుర్తా, చుడీదార్, వాటి మీద ఆరు గజాల ఖడా దుపట్టా ఇక్కడి ముస్లిం వధువులు తరతరాలుగా ధరిస్తున్నవే. మిగతా తెలుగు ఊళ్లలో మాత్రం పరికిణీ, తర్వాత లంగా ఓణీ, ఆ తర్వాత చీర అన్నదే ఆడపిల్ల ఎదుగుదలకు గుర్తు. ఆ వరసలోకి పంజాబీ డ్రెస్ దొడ్డిదారిన రాలేదు. కాలేజీ యూనిఫాంగా, రెండు భుజాల మీదా పిన్నులు పెట్టి వి ఆకారంలో మడిచిన చున్నీతో దర్జాగా వచ్చింది. పెద్దవాళ్లు ఒప్పుకున్నది కూడా అందుకే. ఒళ్లంతా కప్పుతుంది, సైకిల్ తొక్కడానికి అడ్డురాదు, పైన చున్నీ ఎలాగూ ఉంది.

కానీ ఆ డ్రెస్ ఒక సెట్టు. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, హైదరాబాద్ సుల్తాన్ బజార్లోనో మెటీరియల్ కొనాలి. టాపు గుడ్డ, ప్యాంటు గుడ్డ, చున్నీ మూడూ కలిపి ఒక ప్యాకెట్టు. లైనింగు వేరే కొనాలి. టైలరుకు కొలతలిచ్చి, పండక్కి ముందు నాలుగుసార్లు తిరగాలి. తీరా చేతికొచ్చాక ప్యాంటుకు రంగు వెలిసినా, చున్నీ ముళ్లకు చిరిగినా మిగతా రెండూ బీరువా అడుగుకు చేరేవి. పెట్టుబడి మూడింటి మీదా, ప్రమాదం కూడా మూడింటి మీదా. కాబట్టి మధ్యతరగతి ఇంట్లో డ్రెస్ కొనడమంటే పండగో, పుట్టినరోజో రావాల్సిందే.

లెగ్గింగ్ తెచ్చిన విడాకులు

ఈ కట్టును విప్పింది ఢిల్లీ, ముంబయి డిజైనర్ల కంటే తిరుప్పూరు అల్లిక యంత్రాలే అనాలి. నూలులో కొద్దిగా సాగే దారం కలిపి అల్లిన లెగ్గింగ్‌కు టైలరు అక్కర్లేదు, కొలతలు అక్కర్లేదు. నాడా బాధ లేదు. అన్నిటికంటే ముఖ్యం, అది పదుల రంగుల్లో విడిగా దొరుకుతుంది. ప్యాంటు విడిగా, చవగ్గా, కుట్టి సిద్ధంగా దొరికిన రోజున టాపుకు స్వాతంత్ర్యం వచ్చింది. ఐదు కుర్తీలు, మూడు లెగ్గింగ్‌లు ఉంటే పదిహేను జతలు. నెల మొదటి వారంలో ఒక కుర్తీ కొనుక్కుని, లెగ్గింగ్ వచ్చే నెలకు వాయిదా వేసే వెసులుబాటు పంజాబీ డ్రెస్‌కు ఎన్నడూ లేదు. మార్కెట్ ఈ మార్పును ఎంత గట్టిగా నమ్మిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఆడవాళ్ల కింది దుస్తులనే ప్రధాన సరుకుగా పెట్టుకుని ‘గో కలర్స్’ పేరుతో దుకాణాలు నడిపే చెన్నై కంపెనీ 2021 నవంబరులో వెయ్యి కోట్ల రూపాయలకు పైగా విలువైన షేర్ల అమ్మకంతో స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. మూడు ముక్కల్లో ఒక్క ముక్క మీద నిలబడిన వ్యాపారమది!

చున్నీ సంగతి ఇంకా ఆసక్తికరం. దాన్ని ఎవరూ నిషేధించలేదు, దాని మీద ఉద్యమమూ జరగలేదు. టాపుతో పాటు ప్యాకెట్లో రావడం మానేసింది, అంతే. కావాలంటే విడిగా కొనుక్కోవాలి. విడిగా కొనాల్సి వచ్చినప్పుడు ‘ఇది నిజంగా కావాలా’ అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. చాలామంది కొన్నారు, చాలామంది కొనలేదు. ఇంట్లో పెద్ద గొడవ జరగాల్సిన విషయం కొట్టులో చిన్న నిర్ణయంగా తేలిపోయింది.

‘ఇప్పుడు మళ్లీ సెట్టులే కదా నడుస్తున్నాయి’ అని ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. నిజమే. కుర్తీ, ప్యాంటు ఒకే గుడ్డతో కుట్టిన కో-ఆర్డ్ సెట్టులూ, చున్నీతో కలిపి అమ్మే కుర్తా సెట్టులూ ఆన్‌లైన్లో, షోరూముల్లో బాగానే కనిపిస్తున్నాయి. అయితే పాత సెట్టుకూ వీటికీ తేడా ఉంది. అప్పట్లో సెట్టు తప్ప గత్యంతరం లేదు. ఇప్పుడు సెట్టు ఒక ఎంపిక. కొన్న మరుసటి వారమే ఆ టాపు జీన్స్ మీదికి, ఆ ప్యాంటు మరో కుర్తీ కిందికి వెళ్లిపోతాయి. విడదీయడం అలవాటైన చేతులు మళ్లీ కట్టుగా దాచుకోవు.

> చాకు వెనక వెయ్యేళ్లు
>
> కుర్తీకి రెండు పక్కలా ఉండే చీలికను దర్జీలు చాక్ అంటారు. కూర్చోవడానికీ, అంగ వేయడానికీ, బండి ఎక్కడానికీ వీలిచ్చేది అదే. 11వ శతాబ్దంలో మన దేశం గురించి రాసిన అల్‌బిరూని ఇక్కడి ఆడవాళ్లు వేసుకునే పొట్టి చొక్కాల గురించి చెబుతూ వాటికి కుడిఎడమల చీలికలు ఉంటాయని ప్రత్యేకంగా నమోదు చేశాడు. మోడళ్ల పేర్లు ఎన్ని మారినా ఈ ఏర్పాటు మాత్రం అలాగే ఉంది. గొడుగులా విచ్చుకునే ‘అనార్కలి’ రకానికి చాకు అక్కర్లేదు. 1960లో వచ్చిన ‘మొఘల్-ఎ-ఆజమ్’ సినిమా కథానాయిక పాత్ర పేరు కూడా అదే.

అందరూ సంతకం పెట్టిన బట్ట

మన దగ్గర ఆడవాళ్ల దుస్తులు ఒక్కరి ఇష్టంతో తేలేవి కావు. ఇంట్లో అత్తగారు, ఆఫీసులో పై అధికారి, గుడి ముందు కాపలాదారు, రోడ్డు మీద ద్విచక్రవాహనం, ఇంతమంది ఒప్పుకోవాలి. ద్విచక్రవాహనం మాట సరదాకు అన్నది కాదు. కొంగులూ చున్నీలూ చక్రంలో చిక్కుకుని జరిగే ప్రమాదాల భయంతోనే 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన ఉంది. వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఏర్పాటు ఉండాలని అది చెబుతుంది. చట్టం బండికి తొడుగు వేయమంది. ఆడవాళ్లు వెనక సీటులోంచి ముందు సీటులోకి మారి, స్కూటీ హ్యాండిల్ పట్టుకున్న కాలంలో ఆ తొడుగొక్కటే సరిపోలేదు. వేలాడే గుడ్డ తగ్గాల్సి వచ్చింది.

గుడి విషయానికొస్తే, తిరుమలలో ఆర్జిత సేవలకు వెళ్లే స్త్రీలు చీర, లంగా ఓణీతో పాటు పంజాబీ డ్రెస్, చుడీదార్ కూడా ధరించవచ్చని టీటీడీ నియమం, చున్నీ మాత్రం తప్పనిసరి. గురువాయూరులో 2007లో చుడీదార్‌ను అనుమతించారు. తిరువనంతపురం శ్రీపద్మనాభస్వామి ఆలయంలో కథ ఇంకోలా నడిచింది. చుడీదార్‌తో వచ్చిన స్త్రీలు దాని మీద ముండు (కేరళ పంచె) చుట్టుకుంటే గాని లోపలికి వెళ్లే వీలుండేది కాదు. 2016 నవంబరులో ఆలయ కార్యనిర్వహణాధికారి ఆ షరతు ఎత్తేస్తే, ఆచారాల విషయంలో ఆ అధికారం ఆయనకు లేదని డిసెంబరులో కేరళ హైకోర్టు తేల్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లోనూ ఇలాంటి బేరమే. తమిళనాడు ప్రభుత్వం 2019లో సచివాలయ ఉద్యోగులకు ఇచ్చిన ఉత్తర్వులో స్త్రీలకు చీరతో పాటు సల్వార్ కమీజు, చుడీదార్లను చేర్చింది, వాటికి దుపట్టా జత చేసి.

ఈ ఉదాహరణలన్నిట్లో ఒక విషయం కనిపిస్తుంది. సంస్థలు సెట్టును ఒప్పుకున్నాయి. విడిపోయిన కుర్తీని ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా కుర్తీకి ఇబ్బంది లేదు. హ్యాండ్‌బ్యాగులో చున్నీ ఒకటి పెట్టుకుంటే గుడి దగ్గర అది సెట్టు. గుడి దాటాక మళ్లీ ఒంటి టాపు. స్త్రీవాదుల్లో కొందరు దీన్నే తప్పుపడతారు. ఇది స్వేచ్ఛ కాదు, అందర్నీ మెప్పించే రాజీ మాత్రమే అంటారు. ఆ విమర్శలో బలం ఉంది. జీన్స్, టీషర్టు వేసుకోవడానికి ఇంట్లో ఒప్పుకోని చోట కుర్తీ మధ్యేమార్గంగా వచ్చిందన్నది కాదనలేం. కానీ రాజీని తక్కువ చేసి చూస్తే, ఆ రాజీ వల్ల ఎవరి కదలిక ఎంత పెరిగిందన్నది లెక్కకు రాదు. పెళ్లయిన మర్నాటి నుంచి చీరే కట్టాలన్న ఇంట్లో కోడలు కుర్తీతో ఆఫీసుకు వెళ్తోందంటే, ఆ ఇంటి నియమం ఒకటి చప్పుడు లేకుండా రద్దయినట్టే. పోరాడి గెలిచిన వాటికి ఉత్సవాలుంటాయి. ఇలాంటి వాటికి తేదీ కూడా ఉండదు.

అరవై దాటిన తల్లుల విషయంలో ఈ మార్పు మరీ స్పష్టం. కూతురి కాన్పుకు అమెరికా వెళ్లే తెలుగు అమ్మలు జీవితంలో మొదటిసారి చుడీదారో, కుర్తీయో కొనుక్కునేది ఆ ప్రయాణం కోసమే. పద్దెనిమిది గంటల విమానం, చలి, స్ట్రోలర్ తోసుకుంటూ సాయంత్రం నడక... చీరతో ఇబ్బంది అని కూతురే రెండు జతలు కొనిపెడుతుంది. ఆరు నెలల తర్వాత తిరిగొచ్చాక వాటిని బీరువాలో దాచేసేవాళ్లు ఉన్నారు. పొద్దున్నే పార్కుకు అవే వేసుకుని వెళ్లేవాళ్లు అంతకంతకూ ఎక్కువవుతున్నారు. మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లకూ, ఫిజియోథెరపీకి వెళ్లేవాళ్లకూ ఇదే దారి. ఇంట్లో నైటీ మీద చున్నీ కప్పుకుని తలుపు తీసే తరానికి కుర్తీ ఒక గౌరవప్రదమైన మెట్టు కూడాను.

చీరకు పోటీనా, మగ్గానికి దారా?

కుర్తీ వల్ల చేనేత చచ్చిపోతోందన్నది ఎక్కువగా వినిపించే ఆరోపణ. ఇందులో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. రోజువారీ నూలు చీర తగ్గిందన్నది వాస్తవం. పెళ్లికి పట్టుచీర, పేరంటానికి మంచి చీర నిలిచాయి గాని, వంటింట్లో, ఆఫీసులో కట్టే చవక నూలు చీర స్థానాన్ని మొదట సింథటిక్ చీర, తర్వాత నైటీ, ఆ తర్వాత కుర్తీ తీసుకున్నాయి. అంటే నేత చీర మీద మొదటి దెబ్బ కుర్తీది కాదు. పైగా మగ్గం చీర ఒక్కటే నేయాలన్న నియమం లేదు. మంగళగిరిలో సన్నటి జరీ అంచుతో నేసిన డ్రెస్ మెటీరియల్ ఊరి పేరుతోనే దేశమంతా అమ్ముడవుతోంది. యాదాద్రి భువనగిరి జిల్లా కొయ్యలగూడెంలో నేసే నూలు ఇక్కత్ థాన్లు కుర్తీలుగా మారుతున్నాయి. పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ గుడ్డ సంగతీ అంతే. చీరకు అయిదున్నర మీటర్లు కావాలి. కుర్తీకి సుమారు రెండున్నర చాలు. చీర కొనలేని అమ్మాయి కూడా చేనేత కుర్తీ కొనగలదు. నేతగాడికీ కొంగు, అంచు, ఒడలు అంటూ చీరచీరకూ లెక్కలు మార్చే పని లేకుండా పొడుగు థాను నేసుకునే వీలుంటుంది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది ఈ వృత్తి మీద ఉన్నారు. వారిలో పదింట ఏడుగురికి పైగా స్త్రీలే.

అసలు దొంగ వేరే ఉన్నాడు. పోచంపల్లి ఇక్కత్‌లో దారాన్ని ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. ఆ నమూనాను యంత్రంతో రేయాన్ మీద అచ్చు కొట్టి మూడొందలకు కుర్తీ చేసి ‘ఇక్కత్’ అని అమ్మేవారే మగ్గం పొట్ట కొడుతున్నారు. డిజిటల్ ప్రింటు కలంకారీది కూడా ఇదే తంతు. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించిన 1985 నాటి చట్టం కింద డ్రెస్ మెటీరియల్ కూడా ఉంది గాని, మిల్లు గుడ్డ మీద వేసిన బొమ్మను అది ఆపలేదు. కొనేవాళ్లు గుడ్డ తిరగేసి చూస్తే చాలు: అసలైన ఇక్కత్‌కు లోపలా బయటా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చు గుడ్డకు లోపలి వైపు వెలవెలబోతుంది.

> కుట్టుమిషను నుంచి కోట్లదాకా
>
> అమెరికన్ జాన్ బిస్సెల్ 1960లో మొదలుపెట్టిన ఫ్యాబ్‌ఇండియా మొదట ఎగుమతుల సంస్థ. ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లో సొంత దుకాణం తెరిచింది 1976లో. చేనేత కుర్తా చదువుకున్న నగరవాసుల దుస్తుగా మారడంలో దాని పాత్ర పెద్దది.
>
> నౌకాదళ అధికారి భార్య మీనా బింద్రా 8 వేల రూపాయల బ్యాంకు అప్పుతో ముంబయిలో ఇంటి నుంచే సల్వార్ కమీజులు అమ్మడం మొదలుపెట్టారు. అదే తర్వాత ‘బిబా’ అయ్యింది.
>
> ‘డబ్ల్యూ’, ‘ఆరేలియా’ కుర్తీల కంపెనీ టీసీఎన్ఎస్‌లో 51 శాతం వాటాను 1,650 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ఆదిత్య బిర్లా ఫ్యాషన్ 2023లో ప్రకటించింది.

టైలరుకు మిగిలింది జాకెట్టే

ఈ విజయానికి ఖరీదు కట్టినవాళ్లలో వీధి చివరి టైలరు ముందుంటారు. ఒకప్పుడు డ్రెస్సులతో ఊపిరాడని మిషను మీద ఇప్పుడు జాకెట్లు, ఫాల్, జిగ్‌జాగ్, రెడీమేడ్ కుర్తీల ఆల్టరేషన్లే ఎక్కువ. మగ్గం వర్కు తెలిసినవాళ్లు పెళ్లి జాకెట్లతో బాగానే గడిస్తున్నారు. తెలియనివాళ్లకు చేతులు బిగించడం, పక్కలు లూజు చేయడం మిగిలింది. ఆ ఆల్టరేషన్ల వెనకా ఒక కథ ఉంది. మన ఒంటి తీరుకు సరిపోయే కొలతల పట్టిక మన దేశానికి చాలాకాలం లేకపోయింది. ఒక కంపెనీ ఎల్ సైజు ఇంకో కంపెనీకి ఎం. ఈ లోటు తీర్చడానికే జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) ఆధ్వర్యంలో ఆరు నగరాల్లో 25 వేల మంది కొలతలను త్రీడీ స్కానర్లతో తీసుకునే ‘ఇండియా సైజ్’ సర్వే చేపట్టారు. ఆ నగరాల్లో హైదరాబాద్ ఒకటి. భుజం సరిపోతే నడుం బిగుతు, నడుం సరిపోతే చంక లూజు అని విసుక్కునే వాళ్లందరి సమస్యా ఇదే.

మరోపక్క కుర్తీ కొత్త వ్యాపారులను పుట్టించింది. జైపూర్, సూరత్ సరుకును తెప్పించుకుని ఇంటి హాల్లోనే ఫోను ముందు నిలబడి లైవ్‌లో అమ్మే గృహిణులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ‘నచ్చితే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి.. సింగిల్ పీస్ కూడా కొరియర్ చేస్తాం.. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తప్పనిసరి’ అన్న మాటలు అక్షరం తేడా లేకుండా ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా వినిపిస్తాయి. మూడు ముక్కల మెటీరియల్‌తో ఈ వ్యాపారం ఇంత తేలిగ్గా సాగేది కాదు. కుట్టించాల్సిన పని లేని, చిన్న కవరులో ఇమిడే, ఐదొందల లోపు సరుకు కాబట్టే నడిచింది. జేబు ఉన్న కుర్తీకి లైవ్‌లలో వినిపించే ప్రత్యేక ప్రచారం కూడా గమనించదగ్గదే. మగవాళ్ల చొక్కాకు ఎవరూ అడక్కుండానే వచ్చే జేబు ఆడవాళ్ల బట్టకు ‘అదనపు ఆకర్షణ’ అయ్యింది! పాలిచ్చే తల్లుల కోసం జిప్పులు పెట్టిన కుర్తీలు కూడా ఇలాగే, అవసరం తెలిసిన ఆడవాళ్లు అడగ్గా అడగ్గా వచ్చాయి.

చవకదనానికి ఇంకో ముఖం ఉంది. దాన్ని దాటవేసి కుర్తీని మెచ్చుకోవడం న్యాయం కాదు. రెండు ఉతుకులకే రంగు దిగే రేయాన్ టాపు నాలుగు నెలల్లో తుడిచే గుడ్డ అవుతుంది. దాని రంగులు కలిసేది ఎక్కడో నదుల్లో. రాజస్థాన్‌లో పాలీ దగ్గర బాండీ నది, జైపూర్ పక్కన సాంగానేర్ నీళ్లు బట్టల అద్దకపు రసాయనాలతో పాడైన సంగతి ఏళ్లుగా నలుగుతున్నదే. ఐదు కుర్తీలతో పదిహేను జతలన్న లెక్క పొదుపుకు దారి కావాల్సింది. ఐదొందలకే వస్తోంది కదా అని పదిహేను కుర్తీలు కొనే అలవాటుగా మారుతోంది. తప్పు బట్టది కాదని తప్పించుకోవచ్చు గాని, ఈ బట్ట గెలిచిన కారణాల్లో ధర ఒకటైనప్పుడు దాని మచ్చ కూడా ఆ ధరలోనే ఉంది.

కుర్తీ ఆగిపోయిన గుమ్మాలు

అందరికీ కుదిరిన బట్ట అంటున్నాం గాని, ఆ అందరిలో ఎవరు లేరో కూడా చూడాలి. మిరప కోతకూ, పత్తి తీతకూ వెళ్లే కూలి స్త్రీలు ఇప్పటికీ చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటారు. ఎండ నుంచి, ముళ్ల నుంచి కాపాడేది అదే. పాత చొక్కా ఊరికే వస్తుంది. పెద్ద బట్టల షోరూముల్లో రోజంతా కుర్తీలు మడతలు విప్పి చూపించే అమ్మాయిల్లో చాలామంది యూనిఫాం చీరలోనే నిలబడతారు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల యూనిఫామూ చీరే. ఎన్నో ప్రైవేటు బళ్లలో టీచర్లకు చీర రాతలో లేని నియమం. ఆరు పీరియడ్లు నిలబడి చెప్పి, మూడో అంతస్తుకు నాలుగుసార్లు ఎక్కిదిగే పని అది. గౌరవం కోసం చీర అన్నది యాజమాన్యాలు చెప్పే కారణం. అదే బడిలో పదో తరగతి పిల్లకు చుడీదార్ గౌరవప్రదమైన యూనిఫాం అయినప్పుడు, ఆ పిల్లకు పాఠం చెప్పే టీచరుకు కాకుండా ఎలా పోతుంది? కేరళ ఉన్నత విద్యాశాఖ 2021లోనే ఈ విషయంలో స్పష్టత ఇచ్చింది: అధ్యాపకులు తమకు సౌకర్యంగా ఉన్న దుస్తులు వేసుకోవచ్చు, సంస్థలు చీరను రుద్దకూడదు.

ఈ జాబితాలో ఉన్నవాళ్లందరికీ ఒక పోలిక ఉంది. తమ బట్ట తాము ఎంచుకునే బేరం వాళ్ల చేతిలో లేదు. చీర మీద ఇష్టంతో కట్టుకునేవాళ్లతో ఎవరికీ పేచీ లేదు. మన రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ కేరళ మాదిరి ఒక్క పేజీ ఉత్తర్వు ఇవ్వడానికి బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే జూన్‌లో బళ్లు తెరిచేలోగా ఆ పని చేయాలి. షోరూముల యజమానులు దానికోసం ఎదురుచూడాల్సిన పనికూడా లేదు. కుర్తీలు వాళ్ల కొట్లోనే ఉన్నాయి.